బయట కొన్న చైన్‌సా పార్టులు సరిగ్గా కూర్చోవడం లేదు: ఏది సానబెట్టాలి, ఏది తిప్పి పంపాలి?

సరుగుడు_రైతు, చీరాల

అందరికీ నమస్కారం. మా దగ్గర స్టిల్ 381 రంపం ఉంది. సరుగుడు కోతకు ఏళ్ల తరబడి వాడుతున్నాం. ఈసారి పని మధ్యలో బిగుసుకుపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కు సైలెన్సర్ వైపు పైనుంచి కిందిదాకా గీతలు, రింగు గాడిలోనే అతుక్కుపోయి ఉంది. కంపెనీ సిలిండర్, పిస్టన్ జత ధర విన్నాక ఆన్‌లైన్‌లో 52 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) సిలిండర్, పిస్టన్ కిట్ తెప్పించాను. దాదాపు నాలుగో వంతు ధరకే వచ్చింది.

పెట్టె తెరిచినప్పటి నుంచి చిరాకే. పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ దారుల నోళ్లు) అంచులు వేలు తెగేంత పదునుగా ఉన్నాయి. గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది) చేత్తో నెడితే పిస్టన్‌లోకి పోవడం లేదు. ప్లగ్గు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. సిలిండర్ అడుగు బోల్టుల్లో మూడు చక్కగా పడుతున్నాయి, నాలుగోది రంధ్రం అంచుకు తగులుతోంది. కిట్‌లో ఇచ్చిన అడుగు ప్యాకింగ్ పాతదానికన్నా మందంగా ఉంది. వీటితోపాటే కొన్న బారు (గొలుసు తిరిగే పొడవాటి పట్టీ) బిగించి చూస్తే దాని నూనె రంధ్రం రంపం మీది నూనె దారికి ఎదురుగా రావడం లేదు.

అమ్మినవాళ్లు వెనక్కి తీసుకుంటామంటున్నారు. కానీ మార్చి పంపేది కూడా ఇలాగే ఉంటే లాభం ఏమిటి? ఇలాంటివి సరిచేసి వాడినవాళ్లు చెప్పండి. ఆకురాయి ఎక్కడ పెట్టవచ్చు, ఎక్కడ పెట్టకూడదు?


మన్యం_మెకానిక్, పాడేరు

అన్నా, కిట్ సంగతి కాస్త పక్కన పెట్టండి. పాత పిస్టన్ ఎందుకు పోయిందో తేలిందా? అది తేలకుండా కొత్తది ఎక్కిస్తే అదీ అదే దారిన పోతుంది.

నూనె కలపని పెట్రోలు పోసి నడిపితే గీతలు సాధారణంగా పిస్టన్ చుట్టూ పడతాయి. సైలెన్సర్ వైపే పడ్డాయంటే ఎక్కువసార్లు కారణం ఇంజిను ఎక్కడో దొంగగాలి పీల్చడమే. గాలి ఎక్కువైతే పెట్రోలు తగ్గుతుంది, పెట్రోలుతో వచ్చే నూనె కూడా తగ్గుతుంది. సైలెన్సర్ వైపు ముందే వేడి ఎక్కువ కాబట్టి అక్కడే ముందు అంటుకుంటుంది.

కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న రబ్బరు బూటును వెలుతురులో వంచి చూడండి, పగుళ్లు మడతల్లో దాక్కుంటాయి. క్రాంకు రెండు వైపులా ఆయిల్ సీళ్లు, ట్యాంకులోని ఫిల్టరు, పెట్రోలు పైపు కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. సీజన్ అయ్యాక ట్యాంకులో అలాగే వదిలేస్తే పైపులు, డయాఫ్రం గట్టిపడి చిట్లుతాయి. నా దగ్గరికి వచ్చే రంపాల్లో ఎక్కువ అలా వచ్చేవే.


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

మన్యం గారి మాట ముందు పాటించండి. తర్వాత పార్టుల సంగతి.

నేను అందరికీ చెప్పే నియమం ఒక్కటే: ఆకురాయి కొత్త పార్టుకే తగలాలి, రంపానికి తగలకూడదు. రంపం బాడీ కంపెనీ కొలతలతో తయారైంది. నాలుగో బోల్టు పడటం లేదని క్రాంకు కేసులో మరలు పెద్దవి చేస్తే ఆ పాడు శాశ్వతం. రేపు మంచి సిలిండర్ తెచ్చినా అది కూర్చోదు. కిట్ పాడైతే పోయేది కిట్ ధర మాత్రమే.

నాలుగో బోల్టుకు: ముందు నాలుగింటినీ వదులుగా రెండేసి చుట్లు పెట్టండి. మూడు బిగించేసి నాలుగోది పట్టడం లేదంటే, ఆ మూడే సిలిండర్‌ను ఒక పక్కకు లాగి ఉండవచ్చు. వదులుగా ఉన్నప్పుడు నాలుగూ పడితే రంధ్రాల్లో తప్పు లేదు, అడ్డదిడ్డంగా కొంచెం కొంచెం బిగిస్తూ పోండి. అప్పటికీ తగిలితే సిలిండర్ అంచులోని ఆ రంధ్రాన్ని సన్నటి గుండ్రటి ఆకురాయితో తగిలే వైపు మాత్రమే రుద్దండి. బోల్టు పని నొక్కి పట్టడమే కాబట్టి రంధ్రం కొద్దిగా కోలగా అయినా నష్టం లేదు. బోల్టు తల కూర్చునే చోటు చదునుగా మిగలడం ముఖ్యం.

ప్లగ్గు మరలు 14 మి.మీ., 1.25 పిచ్. ఆ ట్యాపు ఏ ఆటో స్పేర్ల దుకాణంలో అయినా దొరుకుతుంది. ట్యాపు గాళ్లలో గ్రీజు నింపి అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. పొడి గ్రీజులో చిక్కుకుంటుంది. ట్యాపు లేకపోతే అదే సైజు పాత ప్లగ్గు మరల మీద హాక్సా బ్లేడుతో నిలువుగా మూడు నాలుగు గాళ్లు కోయండి. అల్యూమినియంలోని పోత ముక్కలు తీయడానికి అది చాలు. బలవంతంగా కొత్త ప్లగ్గు తిప్పకండి, మరలు చీలితే ఆ సిలిండర్ మళ్లీ ఖర్చు పెట్టిస్తుంది.

పిన్నుకు సుత్తి వాడకండి. పిస్టన్‌లో సర్‌క్లిప్ (పిన్ను జారకుండా పట్టే తీగ వలయం) గాడి కోసినప్పుడు రంధ్రం అంచున సన్నటి బర్రు (లేచిన లోహపు అంచు) వస్తుంది. గోరు తగిలిస్తే తెలుస్తుంది. పదునైన చాకు మొనతో ఆ అంచును మాత్రం తీసేయండి. తర్వాత పిస్టన్‌ను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి తుడిచి, నూనె రాసిన పిన్నును బొటనవేలితో నెట్టండి. అప్పటికీ పోకపోతే పిన్ను కొలత తప్పు, ఆ కిట్ తిప్పి పంపండి. సుత్తితో కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.


ఎర్రనేల, సత్తుపల్లి

ఒక మాట అడుగుతాను. సరిచేయడానికి ఇంత పని, ఇంత సమయం పోతుంటే కంపెనీ సిలిండర్ కొనడమే మేలు కదా? మా దగ్గర జామాయిల్ కోతల్లో రంపం ఆగితే ఆ రోజు కూలీ మొత్తం పోతుంది. చవక పార్టు ఒక్కసారి మధ్యలో ఆగినా మిగిలిన డబ్బు అక్కడే పోతుంది.


మన్యం_మెకానిక్, పాడేరు

ఎర్రనేల గారూ, రోజూ రంపం మీదే బతికేవారికి మీ మాట సరైనదే. కానీ పాత రంపానికి అంత డబ్బు పెట్టలేక దాన్ని మూలన పడేసేవారే ఎక్కువ. వారికి ఈ దారి అవసరం. పైగా మధ్యేమార్గం ఒకటి ఉంది.

పాత కంపెనీ సిలిండర్‌ను ఇంకా పారేయకండి. లోపల కనిపించే గీతలు చాలాసార్లు సిలిండర్ అరిగినవి కావు, పిస్టన్ అల్యూమినియం కరిగి గోడకు అంటుకున్నది. లోపలి పూత గట్టిది, దాని మీద అల్యూమినియం పొరలా నిలుస్తుంది. మ్యురియాటిక్ యాసిడ్‌ను దూది పుల్లతో ఆ మచ్చల మీద మాత్రమే అద్దితే నురగ వస్తుంది. నురగ ఆగాక తుడిచి మళ్లీ అద్దాలి. పూత దాటి బయటి అల్యూమినియానికి గానీ పోర్టు లోపలికి గానీ యాసిడ్ పోనివ్వకండి. ఆరుబయట, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకునే చేయండి. తర్వాత సబ్బు నీళ్లతో బాగా కడగాలి. అప్పుడు గోరుతో గీసి చూడండి. గోరు ఎక్కడా ఆగకపోతే ఆ సిలిండర్‌కు మంచి రకం పిస్టన్ ఒక్కటి కొంటే చాలు. బయటి కొత్త సిలిండర్‌కన్నా కంపెనీ పాత సిలిండరే ఎప్పుడూ మేలు.

పూత లేచిపోయి కింది లోహం కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి.


సరుగుడు_రైతు, చీరాల

రబ్బరు బూటు మడతలో పగులు దొరికింది! వెలుతురులో వంచితే కనిపించింది. చాలా కృతజ్ఞతలు మన్యం గారూ. పైపు, ఫిల్టరు, బూటు మూడూ మారుస్తున్నాను.

పాత సిలిండర్‌ను శుభ్రం చేశాను. అల్యూమినియం అంతా పోయింది కానీ సైలెన్సర్ పోర్టు పక్కన వేలెడు పొడవున పూత లేచిపోయి ఉంది, గోరు ఆగుతోంది. కాబట్టి కొత్త కిట్‌తోనే పని. మాస్టారు గారు చెప్పినట్టు నాలుగు బోల్టులూ వదులుగా పెడితే నాలుగోది కూడా పడింది. రుద్దాల్సిన అవసరమే రాలేదు. పిన్ను కూడా బర్రు తీసి వేడి చేశాక జారింది.

ఇప్పుడు పోర్టుల అంచుల సంగతి చెప్పండి.


మన్యం_మెకానిక్, పాడేరు

ఇదే అసలు పని. కంపెనీ సిలిండర్‌కూ చవక సిలిండర్‌కూ తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది.

రింగు పైకీ కిందకీ తిరిగేటప్పుడు ప్రతి పోర్టు ముందూ అది బయటికి కొద్దిగా సాగి లోపలికి వస్తుంది. ఆ పోర్టు అంచు పదునుగా ఉంటే రింగు దానికి తగులుకుంటుంది. కొన్నాళ్లకు రింగు విరిగి, ముక్క పిస్టన్ తల మీద తిరుగుతుంది. కంపెనీ సిలిండర్‌లో ఈ అంచు వాలుగా తీసి ఉంటుంది. చవకదానిలో పూత పోశాక అంచు దగ్గర ఇంకా లావుగా పేరుకుని ఉంటుంది, దాన్ని ఎవరూ తీయరు.

వాలు ఎంత కావాలి అంటే అర మిల్లీమీటరు చాలు, అన్ని పోర్టులకూ, పైఅంచుకూ కిందిఅంచుకూ. పెద్ద పోర్టు కాబట్టి సైలెన్సర్ పోర్టుకు కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. చేతి రోటరీ మిషనుకు పెట్టే చిన్న డైమండ్ బిట్టు దీనికి సరైనది. మామూలు ఉక్కు బిట్టు ఈ పూతను కోయదు, చిప్పలుగా లేపుతుంది. బిట్టు బోరు వైపు నుంచి పోర్టు లోపలికి తిరుగుతూ కోయాలి, అప్పుడు పూత కింది లోహానికి ఒత్తుకుని ఉంటుంది. ఎదురు దిశలో తిప్పితే అంచు నుంచి పూత ఊడుతుంది. తక్కువ వేగం, తేలిక చేయి. చివర్లో 400 నంబరు ఎమిరీ పేపరును వేలికి చుట్టి ఆ వాలును నునుపు చేయండి. బోరు గోడను మాత్రం దేనితోనూ రుద్దకండి.

తర్వాత వేలు లోపల పెట్టి, అన్ని పోర్టుల మీదుగా పైకీ కిందకీ లాగి చూడండి. ఎక్కడా గీరుకోకూడదు. వేలికి తగిలేది రింగుకూ తగులుతుంది.

సిలిండర్‌ను తిప్పి ట్రాన్స్‌ఫర్ దారుల్లోకి (క్రాంకు కేసు నుంచి పిస్టన్ పైకి పెట్రోలు, గాలి వెళ్లే దారులు) టార్చి వేయండి. పోత పోసినప్పటి పెచ్చులు వేలాడుతూ ఉంటాయి. ఊడిపోయేలా ఉన్నవన్నీ తీసేయండి, అవి లోపలికి రాలితే ఇంజిను పోతుంది. దారి ఆకారం మార్చే ప్రయత్నం వద్దు.

చివరగా వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడగండి. పెట్రోలుతో కడిగితే గరుకు పొడి పూర్తిగా పోదు. తెల్లటి గుడ్డతో తుడిస్తే మరక పడనంతవరకు కడుగుతూనే ఉండండి. ఆరగానే 2టీ (టూ స్ట్రోక్ ఇంజిను) నూనె రాయండి.


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

రింగు గురించి నేను చేరుస్తాను. రింగును పిస్టన్‌కు ఎక్కించక ముందే ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టండి. రెండు కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. బోరులో ప్రతి 25 మి.మీ.కి సుమారు 0.1 మి.మీ. లెక్కన 52 బోరుకు 0.2 మి.మీ. ఉండాలి. అంతకన్నా బిగువుగా ఉంటే వేడికి రింగు సాగి కొనలు గుద్దుకుంటాయి, సిలిండర్ గీరుకుపోతుంది. సన్నటి చదును ఆకురాయితో ఒక కొననే రుద్దాలి, బయటి నుంచి లోపలికి. కొన దగ్గర, రింగు తిరగకుండా పిస్టన్ గాడిలో ఉండే చిన్న పిన్ను కూర్చునే గాడి ఉంటుంది, దాని ఆకారం చెడకూడదు. సందు మరీ ఎక్కువగా ఉంటే రుద్ది లాభం లేదు, మంచి రకం రింగు విడిగా కొనండి. ఇటలీ కేబర్ రింగులు నేను ఎక్కించినవి బాగా నిలిచాయి.

కిట్‌లో వచ్చిన సర్‌క్లిప్‌లు మాత్రం వాడకండి. రెండు వేళ్లతో నొక్కితే తేలిగ్గా మూసుకుంటే అవి బలహీనమైనవని అర్థం. కంపెనీవి కొనండి, ఖర్చు ఎక్కువ కాదు. క్లిప్ నోరు నేరుగా పైకి గానీ కిందికి గానీ ఉండాలి. పక్కకు పెడితే పిస్టన్ ఆగి తిరిగే ప్రతిసారీ ఆ ఊపుకు క్లిప్ మూసుకుని గాడిలోంచి ఊడుతుంది.


ఉద్దానం, సోంపేట

పెద్దలందరికీ నమస్కారం. 2018లో తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి తోటలన్నీ పడగొట్టాక, పడిన చెట్లు తీయడానికి 58 సీసీ చైనా రంపం కొన్నాం. ఇప్పటికీ అదే. మొన్న కొత్త 22 అంగుళాల బారు తెచ్చాను. బారును బిగించే రంపం స్టడ్డు 8 మి.మీ., అది దూరే బారు గాడి 10 మి.మీ. పైనే ఉంది. బిగించినా ఊగుతుంది, గొలుసు నిమిషానికోసారి వదులవుతుంది. ఏమైనా చేయగలమా? కొబ్బరి పీచు అసలే గొలుసును మొద్దుబారుస్తుంది, దానికి తోడు ఇదొకటి.


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

ఉద్దానం గారూ, లోపల 8, బయట మీ గాడి వెడల్పు ఉండేలా ఉక్కు బుష్ కోయించుకోండి. స్టడ్లు రెండైతే రెండు బుష్‌లు. ఒక్క జాగ్రత్త: బుష్ పొడవు బారు మందం కన్నా ఒక పిసరు తక్కువ ఉండాలి. ఎక్కువైతే నట్టు బుష్‌ను పట్టుకుంటుంది, బారు వదులుగానే ఉంటుంది. లేత్ పట్టేవాళ్లు చాలామంది ఇది గమనించరు.


మన్యం_మెకానిక్, పాడేరు

మాస్టారూ, బుష్ మీరు చెప్పినట్టు కోస్తే పని చేస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఆ బారును తిప్పి పంపమనే నా సలహా. గాడి అంత తేడాగా ఉందంటే అది వేరే రంపం కోసం చేసిన బారు. వెనుక టెన్షనర్ (గొలుసును బిగువు చేసేది) పిన్ను రంధ్రం, నూనె రంధ్రం కూడా వేరే చోట ఉంటాయి. మూడు చోట్ల సర్దాలి.

ఉద్దానం గారూ, పంపే ముందు గొలుసు కొలతలు కూడా చూసుకోండి. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. 58 సీసీ చైనా రంపాల్లో ఎక్కువగా .325 అంగుళాల పిచ్ ఉంటుంది, అంటే మూడు రివెట్లకు 16.5 మి.మీ. 19 మి.మీ. వస్తే అది 3/8 అంగుళం గొలుసు, మీ స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ల చక్రం) మీద నడవదు. గొలుసు నాలుక మందం కూడా బారు అంచున గొలుసు దిగే గాడికి సరిపోవాలి. .058 అంగుళాల గాడిలో .050 గొలుసు వేస్తే అది పక్కకు వాలి వంకరగా కోస్తుంది. అమ్మేవాళ్లు చూపేది అంగుళాలే, ఇవన్నీ కొనేవాడే అడగాలి.


ఉద్దానం, సోంపేట

కొలిచాను, .325. బారు తిప్పి పంపేస్తున్నాను. పిన్ను రంధ్రం కూడా నిజంగానే తేడాగా ఉంది.


కరోలినా_తెలుగు, అమెరికా

ఇక్కడ చలికాలానికి కట్టెలు కొట్టుకునేవారం పాత రంపాలను ఇలాగే నిలబెడతాం. సరుగుడు_రైతు గారూ, అడుగు ప్యాకింగ్ విషయం ఎవరూ తేల్చలేదు. నేనైతే ఆ ప్యాకింగ్ తీసేసి, పెట్రోలుకు తట్టుకునే సీలెంట్ పలుచగా రాసి కూర్చోబెడతాను. బయటి కిట్లలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ తలకూ దానికీ మధ్య ఖాళీ ఎక్కువ ఉంటుంది. దాంతో కంప్రెషన్ తక్కువగా వస్తుంది. ప్యాకింగ్ తీస్తే రంపం బలం వెంటనే తెలుస్తుంది.


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

కొలవకుండా ప్యాకింగ్ తీయమనడం నాకు నచ్చదు. ప్యాకింగ్ తీస్తే సిలిండర్ కిందికి దిగుతుంది, పోర్టులూ దిగుతాయి, అవి తెరుచుకునే సమయం మారుతుంది. ఖాళీ మరీ తగ్గితే వేడిలో పిస్టన్ తలకు కొట్టుకుంటుంది. ముందు కొలవాలి.


కరోలినా_తెలుగు, అమెరికా

మాస్టారు గారూ, కొలిచే తీయాలి, ఆ మాట నేను ముందే చేర్చవలసింది. కొలిచే పద్ధతి ఇది: 1.5 మి.మీ. టంకం తీగ, లోపల రెసిన్ లేనిది, ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్ గోడకు తగిలేదాకా పెట్టండి. తీగ గడ్జన్ పిన్ను ఉన్న దిశలో పడాలి, లేకపోతే పిస్టన్ ఊగి కొలత తప్పుతుంది. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి పిస్టన్‌ను పై చివర దాటించండి. నలిగిన తీగ కొనను మైక్రోమీటరుతో కొలవండి. రెండో వైపు కూడా అలాగే చేయండి. 0.5 మి.మీ. కన్నా తగ్గకూడదు. ఒకటికి పైన ఉంటే బలం పోతున్నట్టే.


సరుగుడు_రైతు, చీరాల

కొలిచాను. కిట్‌లో వచ్చిన ప్యాకింగ్ మందం 0.8. దానితో తీగ 1.2 వచ్చింది, రెండు వైపులా ఇంచుమించు ఒకటే. అంటే ప్యాకింగ్ పూర్తిగా తీస్తే 0.4 మిగులుతుంది. మాస్టారు గారి భయం నిజమే. ప్యాకింగ్ ఉంచితే కరోలినా గారు అన్న నష్టం. ఏం చేయమంటారు?


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

0.2 మి.మీ. గాస్కెట్ కాగితం షీటు దొరుకుతుంది. పాత ప్యాకింగ్‌ను అచ్చుగా పెట్టి కత్తిరించండి. ఖాళీ 0.6 వస్తుంది. బోల్టుల రంధ్రాలు కత్తెరతో కోయకండి, తోలుకు రంధ్రాలు వేసే పంచ్‌తో గుండ్రంగా తీయండి. కోసిన అంచు పోర్టు దారులకు ఎక్కడా అడ్డం రాకూడదు. కొత్త ప్యాకింగ్ బిగించాక తీగ కొలత మళ్లీ తీసుకోండి. తర్వాత ప్లగ్గు తీసి ఫ్లైవీల్‌ను నిండా నాలుగు చుట్లు నిదానంగా తిప్పండి. పిస్టన్ కింది అంచు క్రాంకు బరువులకు తగలడం లేదని చేతికి తెలియాలి.

కరోలినా గారి సీలెంట్ మాటలో ఒకటి గట్టిగా చెప్పాలి. వంటింటి సింకుకు రాసే సిలికాన్ ఇంజినులో వాడకండి. పెట్రోలుకు ఉబ్బి ముక్కలుగా లోపలికి పోతుంది.


కరోలినా_తెలుగు, అమెరికా

0.6 చక్కటి కొలత. నా మాటకన్నా ఈ దారే మంచిది.

బిగించాక, పెట్రోలు పోయకముందే గాలి పరీక్ష చేయండి. సైలెన్సర్ వైపూ కార్బొరేటర్ వైపూ రబ్బరు షీటు పెట్టి మూసేయండి. ప్లగ్గు రంధ్రంలోంచి చేతి పంపుతో 0.5 బార్ గాలి నింపండి, ముల్లు దిగకూడదు. దిగితే సబ్బు నురగ రాయండి, బుడగ వచ్చిన చోటే లీకు. తర్వాత అదే పంపుతో గాలి పీల్చి చూడండి. కొన్ని సీళ్లు గాలి నింపినప్పుడు నిలిచి, పీల్చినప్పుడు లీకవుతాయి. మీ పిస్టన్ పోయింది పగిలిన బూటు వల్ల కాబట్టి మీరు ఈ పరీక్ష తప్పక చేయాలి.

ఇంకొకటి. బయటి కిట్ల ప్యాకింగుల్లో ఇంపల్స్ రంధ్రం లేకపోవడం, పక్కకు పడటం నేను చూశాను. కార్బొరేటర్‌లో పెట్రోలు పంపు నడిచేది క్రాంకు కేసు నుంచి వచ్చే ఆ గాలి ఊపుతోనే. అది మూసుకుంటే రంపం అంటుకుంటుంది, యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతుంది. జనం కార్బొరేటర్ విప్పి విప్పి విసిగిపోతారు. ప్యాకింగ్‌ను వెలుతురుకు ఎత్తి, పాతదాని మీద పెట్టి పోల్చండి.


ఎర్రనేల, సత్తుపల్లి

ఇంత వివరంగా చూశాక నాకూ ఒక సందేహం. మా రెండో రంపానికి బయటి ఫ్లైవీల్ వేశారు. తాడు లాగితే అప్పుడప్పుడు చేతిని వెనక్కి లాక్కుంటుంది. ఫ్లైవీల్‌ను క్రాంకు మీద సరైన చోట నిలిపే కీ ఒకసారి తెగింది కూడా. కొత్త కీ వేశారు, మళ్లీ అదే.


లేత్_మాస్టారు, విజయవాడ ఆటోనగర్

కీ మార్చి లాభం లేదు. ఫ్లైవీల్‌ను పట్టుకునేది కీ కాదు, టేపరు (క్రాంకు కొనలోని శంకు ఆకారపు వాలు). కీ కేవలం స్థానం చూపుతుంది. మీ ఫ్లైవీల్ టేపరు క్రాంకు టేపరుకు పూర్తిగా అంటడం లేదు, భారమంతా కీ మీద పడుతోంది. కీ కొద్దిగా నలిగినా టైమింగ్ జరుగుతుంది, స్పార్కు ముందే పడి తాడు వెనక్కి గుంజుతుంది.

క్రాంకు టేపరు మీద మార్కర్ పెన్నుతో గీతలు గీయండి, ఫ్లైవీల్‌ను చేత్తో నొక్కి కొద్దిగా తిప్పి తీయండి. గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడే అంటుతోంది. అంచున ఒక వలయంగా మాత్రమే చెరిగితే, కీ తీసేసి, వాల్వ్ గ్రైండింగ్ పేస్టు సన్నరకం కొద్దిగా రాసి, ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. ఆయిల్ సీలు వైపు పేస్టు పోకుండా గుడ్డ కట్టండి. చెరుపు అంతటా సమంగా వచ్చేదాకా చేసి, పేస్టు మొత్తం తుడిచి, రెండు వైపులా పొడిగా, నూనె లేకుండా కూర్చోబెట్టండి. ఇది ఒక్కటే చోటు, రంపం వైపు కూడా కొద్దిగా రాపిడి తగులుతుంది కాబట్టి అతి చేయకండి. తర్వాత కాయిల్ సందు 0.2 నుంచి 0.3 మి.మీ.కి సర్దండి. ఫ్లైవీల్ మారితే ఆ సందూ మారుతుంది.


ఉద్దానం, సోంపేట

ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. రంపానికి కొత్త క్లచ్ డ్రమ్ము వేశాను, బ్రేకు పట్టీకి రాసుకుంటోంది, కాలిన వాసన వస్తోంది. పట్టీని వేడి చేసి కొద్దిగా వెడల్పు చేయవచ్చా? లేక డ్రమ్మునే లేత్‌లో పలచన చేయించనా?


మన్యం_మెకానిక్, పాడేరు

రెండూ వద్దు. వేడి చేస్తే పట్టీ ఉక్కు గట్టిదనం పోతుంది, అవసరమైన క్షణంలో తెగుతుంది. డ్రమ్ము గోడ పలచనైతే క్లచ్ బరువుల తాకిడికి పగులుతుంది, ముక్కలు మీ కాలి వైపే వస్తాయి. చైన్ బ్రేకు, బ్రేకు పట్టీ, ముందు చేతి గార్డు, గొలుసు తెగితే పట్టే కొక్కెం, యాక్సిలరేటర్ లాకు: వీటిలో దేనికీ ఆకురాయి పెట్టకూడదు. కూర్చుంటే కూర్చోవాలి, లేకపోతే తిప్పి పంపాలి. ఈ ఐదింటికీ నేను కంపెనీ పార్టే వేస్తాను, రంపం ఎంత పాతదైనా సరే.

సరైన డ్రమ్ము వేశాక పరీక్ష: ఇంజిను ఆపి, బ్రేకు వదిలి, గొలుసును తొడుగు వేసుకున్న చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. బ్రేకు వేస్తే కదలకూడదు. తర్వాత ఇంజిను ఆపే ఉంచి, బ్రేకు మళ్లీ వదిలి, రంపాన్ని మొద్దు మీద మోకాలి ఎత్తున పట్టుకుని, ముందు పిడి వదిలి, వెనుక పిడి మాత్రం పట్టుకుని బారు మొనను మొద్దు మీదికి పడనివ్వండి. మొన తగలగానే బ్రేకు దానంతట అదే పడాలి. డ్రమ్ము గాడిలో నూనె పంపు తీగ కూర్చుందో లేదో కూడా చూడండి. అది తప్పితే గొలుసుకు చుక్క నూనె రాదు.


సరుగుడు_రైతు, చీరాల

రంపం నడుస్తోంది! 0.2 ప్యాకింగ్‌తో తీగ కొలత 0.6 వచ్చింది. గాలి పరీక్షలో మొదట ముల్లు దిగింది, ప్లగ్గు రంధ్రం దగ్గర నురగ లేచింది. పంపు అడాప్టర్ సరిగ్గా బిగించాక నిలిచింది, పీల్చినా నిలిచింది.

బారు నూనె రంధ్రం కూడా అయిపోయింది. రంపం నూనె దారి చుట్టూ తెల్ల పెయింటు అద్ది బారును నొక్కితే చోటు అచ్చు పడింది, రంధ్రం దానికి సుమారు 3 మి.మీ. పక్కన ఉంది. మామూలు డ్రిల్లు బిట్టు జారిపోయింది, కోబాల్ట్ బిట్టుతో నిదానంగా కోశాను. బారు తిప్పి వేసుకోవాలి కాబట్టి రెండు వైపులా వేశాను. గాడిలో లేచిన బర్రును సన్నటి రేకుతో గీకాను. ఇప్పుడు బారు మొనను అట్ట ముక్క వైపు పెట్టి యాక్సిలరేటర్ ఇస్తే అట్ట మీద నూనె గీత పడుతోంది.

పెట్రోలులో నూనె ఎంత కలపాలి? కార్బొరేటర్ స్క్రూలు ఎలా పెట్టాలి?


మన్యం_మెకానిక్, పాడేరు

చాలా సంతోషం అన్నా. కంపెనీ 2టీ నూనె అయితే లీటరుకు 20 మి.లీ., మామూలు 2టీ నూనె అయితే 40 మి.లీ. కొత్త పార్టులు అలవాటు పడేదాకా హెచ్ స్క్రూను (పూర్తి వేగంలో పెట్రోలును సర్దేది) పెట్రోలు కాస్త ఎక్కువ వచ్చే వైపు ఉంచండి. చెక్కలో లేనప్పుడు పూర్తి యాక్సిలరేటర్ ఇస్తే శబ్దం కొద్దిగా బొంగురుగా, తడబడుతూ ఉండాలి, చెక్కలో పెట్టగానే సాఫీ కావాలి. సన్నగా, గట్టిగా అరిస్తే పెట్రోలు చాలడం లేదు, వెంటనే ఆపి స్క్రూ కొంచెం తెరవండి. గొలుసు ఖాళీగా తిరుగుతూ ఉండగా ఎక్కువసేపు పూర్తి వేగంలో ఉంచకండి.

మొదటి ట్యాంకు అయ్యాక పూర్తిగా చల్లారనిచ్చి సిలిండర్ అడుగు బోల్టులు, సైలెన్సర్ బోల్టులు మళ్లీ బిగించి చూడండి. కాగితం ప్యాకింగ్ కొద్దిగా నలుగుతుంది. అప్పుడే సైలెన్సర్ తీసి పోర్టులోంచి పిస్టన్‌ను టార్చితో చూడండి. కొత్త నిలువు గీత ఏదైనా కనిపిస్తే ఫొటో ఇక్కడ పెట్టండి, అప్పటిదాకా మళ్లీ స్టార్టు చేయకండి.